కొత్త బండికి తొలి వెయ్యి కిలోమీటర్లే ప్రాణం
మోటారు సైకిల్ కొన్న చిన్న రైతులు మొదట్లో పాటించవలసిన జాగ్రత్తలు

కందులు యార్డుకు చేరి చేతిలో నాలుగు డబ్బులు పడగానే మన దిక్కు రైతు చేసే ఆలోచనల్లో మోటారు సైకిల్ ఒకటి. తాండూరు మార్కెట్‌కు పోవాలన్నా, వికారాబాద్ ఆస్పత్రికి పోవాలన్నా, పొద్దున్నే పాలు పోసి రావాలన్నా, ఎరువు బస్తా తేవాలన్నా ఇప్పుడు బండి లేనిదే పని జరగడం లేదు. రెండు మూడెకరాల రైతుకు అది షోకు వస్తువు కాదు. అరకలాగ, బోరు మోటారులాగ అదీ ఒక పనిముట్టే.

అయితే ధర మాత్రం తక్కువ కాదు. వంద సీసీ బండి కూడా రోడ్డెక్కేసరికి ముప్పావు లక్ష నుంచి లక్ష దాకా అవుతోంది. చాలామంది కొంత సొమ్ము ముందు కట్టి, మిగిలినది రెండు మూడేళ్ళ కిస్తీల మీద తీసుకుంటున్నారు. కిస్తీలు తీరేసరికే బండి పొగ పెట్టి మెకానిక్ దగ్గర విప్పే స్థితికి వస్తే రైతుకు మిగిలేదేమిటి? బండి నడవవలసింది కిస్తీలు తీరేదాకా కాదు, తీరినాక ఇంకో పదేళ్ళు. అట్లా నడుస్తుందా లేదా అన్నది చాలావరకు కొన్న మొదటి రెండు మూడు నెలల్లోనే, తొలి వెయ్యి కిలోమీటర్లలోనే తేలిపోతుంది. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. కొంచెం ఓపిక, ఒక లీటరు మంచి ఆయిల్, వారానికి పావుగంట సమయం చాలు.

షోరూంలోనే చూసుకోవలసినవి

కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించే ముందే కొన్ని చూసుకోవాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బిల్లులో రాసినవాటితో సరిపోయాయో లేదో చదివి చూడండి. మీకు చదవడం రాకపోతే చదువుకునే పిల్లలను వెంట తీసుకుపోండి. రెండు తాళంచెవులు, పానాల సంచి, బండి పుస్తకం, సర్వీసు కూపన్లు అన్నీ ముట్టాయో లేదో లెక్క చూసుకోండి. బండి పుస్తకాన్ని పెట్టెలో పడేయవద్దు. ఏ ఆయిల్ పోయాలి, చక్రాల్లో గాలి ఎంత, ఎంత బరువు మోయవచ్చు, సర్వీసు ఎప్పుడు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. కంపెనీ కంపెనీకి లెక్క మారుతుంది కనుక, ఈ వ్యాసంలో చెప్పిన అంకెలకూ మీ పుస్తకంలోని అంకెలకూ తేడా ఉంటే పుస్తకాన్నే పాటించాలి.

ఇంజిన్‌లో ఆయిల్ ఎంత ఉందో మీ ముందే తీసి చూపించమని అడగండి. బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించారా అని అడగండి. కొత్త బండిలో పెట్రోలు అడుగున కొంచెమే ఉంటుంది. నేరుగా బంకుకు పోయి పోయించుకున్నాకే ఊరి దారి పట్టాలి.

పాత బండ్లు నడిపినవారికి కొత్త బండిలో రెండు మూడు సంగతులు వింతగా తోస్తాయి. పగటిపూట కూడా ముందు లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆపే స్విచ్చి ఉండదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన నియమం వల్ల అట్లా చేస్తున్నారు. అది లోపం కాదు. అలాగే కొన్ని బండ్లలో సైడ్ స్టాండు వేసి ఉంటే ఇంజిన్ స్టార్టు కాదు, లేదా గేరు వేయగానే ఆగిపోతుంది. బండి పాడయిందనుకుని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోకుండా, ముందు స్టాండు తీసి చూడండి.

కొత్త కోడెను మరిపినట్టు

కొత్త కోడెలను మొదటి రోజే నాగలికి కట్టి, పొద్దుగూకే దాకా దుక్కి దున్నించే రైతు ఎవరూ ఉండరు. ముందు కాడి మెడకు అలవాటు చేస్తాం. ఖాళీగా తిప్పుతాం. తరువాత తేలిక పని, ఆ తరువాతే బరువు పని. కొత్త ఇంజిన్‌ది కూడా అదే పద్ధతి.

ఎందుకో తెలుసుకోవాలి. ఇంజిన్ లోపల బోరు అనే గొట్టంలో పిస్టన్ కిందికీ పైకీ ఆడుతుంది. పిస్టన్ చుట్టూ సన్నని రింగులు ఉంటాయి. కొత్త బోరు లోపలి గోడ చూపుకు నున్నగా ఉన్నా దాని మీద సన్నని గీతలు ఉంటాయి. ఆ గీతలను కంపెనీవాళ్ళు కావాలనే పెడతారు. తొలి కొన్ని వందల కిలోమీటర్లలో రింగులు ఆ గోడకు రాసుకుంటూ, ఒకదానికొకటి కుదురుకుంటాయి. నెమ్మదిగా కుదిరితే రింగు గోడకు గట్టిగా అతుక్కుంటుంది. బలం పోదు, ఆయిల్ పైకి ఎక్కదు, మైలేజీ వస్తుంది. మొదట్లోనే విపరీతంగా వేడెక్కిస్తే రాపిడి సమంగా జరగక గోడ మీద చారలు పడతాయి. ఆ దెబ్బ తరువాత ఎన్ని సర్వీసులు చేయించినా పోదు. రెండేళ్ళకే నీలిరంగు పొగ మొదలవుతుంది. బోరు, పిస్టన్ మార్పించడానికి వేలల్లో ఖర్చవుతుంది. అందుకని ఈ కింది పద్ధతి పాటించాలి.

మొదటి 500 కిలోమీటర్లు గంటకు 40, 45 మించకుండా నడపాలి. 500 నుంచి 1000 వరకు 50, 55 మించవద్దు. ఎక్స్‌లేటర్ పూర్తిగా ఎప్పుడూ తిప్పవద్దు. ముఖ్యంగా న్యూట్రల్‌లో పెట్టి రయ్ రయ్ మని రేస్ చేయవద్దు. పిల్లలకు ఈ సరదా ఎక్కువ. తాళంచెవి మొదటి నెల మీ దగ్గరే ఉంచుకోండి.

అట్లాగని నత్తనడక కూడా మంచిది కాదు. తాండూరు రోడ్డు సాపుగా ఉంది కదా అని గంటసేపు ఒకే వేగంతో పోవద్దు. కాసేపు 30, కాసేపు 40, మధ్యలో 35 — వేగం మార్చుతూ ఉంటే రింగులు అన్ని విధాలా కుదురుకుంటాయి.

గేరు విషయంలో చాలామంది పొరబడుతున్నారు. పెట్రోలు మిగులుతుందని టాప్ గేరులోనే 20 వేగంతో గుంజిస్తారు. ఇంజిన్ కటకట మని కొట్టుకుంటుంది. వేగంగా నడిపితే ఎంత నష్టమో ఇదీ అంతే నష్టం. వేగం తగ్గితే గేరు తగ్గించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఏడవకముందే గేరు మార్చాలి.

పొద్దున స్టార్టు చేయగానే ఉరికించవద్దు. అర నిమిషం నుంచి ఒక నిమిషం నిదానంగా తిరగనిస్తే ఆయిల్ పైకి ఎక్కుతుంది. తరువాత మొదటి కిలోమీటరు మెల్లగా పోవాలి. ఇంతకంటే ఎక్కువసేపు నిలబెట్టి నడపవద్దు. మన బండ్ల ఇంజిన్‌ను చల్లబరిచేది ఎదురుగాలే. నిలబడిన బండికి గాలి తగలదు, ఊరికే వేడెక్కుతుంది. ఎండకాలంలో 20, 30 కిలోమీటర్లు పోయినాక చెట్టు నీడకు పది నిమిషాలు ఆపితే మీకూ మంచిదే, బండికీ మంచిదే.

తొలి ఆయిల్ మార్పు తప్పవద్దు

రింగులూ గోడా రాసుకునేటప్పుడు కంటికి కనబడనంత సన్నని ఇనుప రజను రాలి ఆయిల్‌లో కలుస్తుంది. ఆ ఆయిల్‌నే ఇంకా తిప్పితే ఇసుక వేసి రుద్దినట్టే. తొలి సర్వీసులో ఆయిల్ మార్చాలని చెప్పేది అందుకే. చాలా కంపెనీలు తొలి సర్వీసును 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపు పెడతాయి. దానితోపాటు రోజుల గడువు కూడా ఉంటుంది. రెంటిలో ఏది ముందు వస్తే అది లెక్క.

ఇక్కడే మన రైతులు నష్టపోతున్నారు. బండి కొన్నాక నాట్లు, కలుపులు వచ్చి పడతాయి. ఇంటి చుట్టూ తిరిగి మూడు వందల కిలోమీటర్లు కూడా కాదు. “ఇంకా కిలోమీటర్లు కాలేదు గదా, తొందరేముంది” అనుకుంటారు. ఈలోగా రోజుల గడువు దాటిపోతుంది. కూపన్ పోతుంది. రేపు ఇంజిన్‌లో ఏదైనా లోపం బయటపడితే, సర్వీసు సమయానికి చేయించలేదు కనుక వారంటీ వర్తించదని చెప్పే వీలు కంపెనీకి దొరుకుతుంది. కాబట్టి కొన్నరోజే ఆఖరు తేదీ లెక్కవేసి ఇంట్లో క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. ఉచిత సర్వీసు అంటే పనికి డబ్బు తీసుకోరని అర్థం. ఆయిల్ ఖరీదు మనమే ఇవ్వాలి. “ఉచితం అన్నారు గదా” అని ఆయిల్ మార్చకుండా బండి తెచ్చుకుంటే సర్వీసు చేయించీ చేయించనట్టే.

సర్వీసుకు పోయినప్పుడు బండి అప్పగించి చాయ్ తాగడానికి పోకుండా దగ్గర నిలబడండి. ఈ పనులు చేశారో లేదో అడిగి చూడండి: పాత ఆయిల్ పూర్తిగా దింపి కొత్తది పోయడం, ఆయిల్ జాలీ శుభ్రం చేయడం, ట్యాపెట్ సందు చూడడం, గొలుసు బిగువు, క్లచ్చి, బ్రేకుల ఆట సరిచేయడం, చక్రాల పుల్లలు బిగించడం, నట్లు బోల్టులు బిగించడం. కొత్త చక్రాల పుల్లలు మన గతుకుల రోడ్ల మీద మొదటి నెలలోనే కొంచెం వదులవుతాయి. అప్పుడే బిగిస్తే చక్రం వంకర పోదు. ట్యాపెట్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. దూరం ఊరివారు వేడి బండితో పోయి వెంటనే చేయమని తొందర పెట్టవద్దు. పొద్దున్నే ఇచ్చి, ఇంజిన్ చల్లారనిచ్చి చేయించుకోవాలి.

ఆ తరువాత ఆయిల్ మట్టం వారానికి ఒకసారి మీరే చూసుకోవచ్చు. బండిని సమనేల మీద డబుల్ స్టాండు వేయండి. రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి. కొలపుల్ల తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి చూడండి. చాలా బండ్లకు కొలపుల్లను మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. ఆయిల్ రెండు గీతల మధ్యన ఉండాలి. కింది గీతకు దిగితే పోయాలి. పై గీత దాటించడం కూడా తప్పే.

ట్రాక్టర్ ఆయిల్ పోయవద్దు

ఇంట్లో ట్రాక్టరుకో, డీజిల్ ఇంజిన్‌కో తెచ్చిన ఆయిల్ మిగిలి ఉంటుంది. “ఆయిల్ ఏదైనా ఆయిలే గదా” అని దాన్ని బండిలో పోసేవారు ఉన్నారు. ఇది పెద్ద పొరపాటు. మోటారు సైకిల్‌లో ఇంజిన్‌కూ, గేర్లకూ, క్లచ్చికీ ఒకటే ఆయిల్. క్లచ్చి పలకలు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. వేరే వాహనాలకు చేసిన ఆయిల్ పోస్తే పలకలు జారవచ్చు. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు కదలదు. పైగా అది చిక్కగా ఉంటే పొద్దున చల్లటి ఇంజిన్‌లో పైకి ఎక్కడం ఆలస్యమవుతుంది. బండి పుస్తకంలో రాసిన రకం, మోటారు సైకిళ్ళకని ప్రత్యేకంగా రాసి ఉన్న ఫోర్ స్ట్రోక్ ఆయిలే పోయాలి. చిన్న బండ్లకు లీటరుకు అటూ ఇటూ పడుతుంది.

ఇంకొక పాత అలవాటు. ఒకప్పటి రాజ్‌దూత్ వంటి టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవారు. ఆ రోజుల్లో బండి నడిపిన పెద్దలు ఇప్పటికీ “కొత్త బండి గదా, పెట్రోలులో ఒక మూత ఆయిల్ కలుపు” అంటారు. ఆ మాట ఆ బండ్లకు నిజమే. 1985లో మన దేశంలో వంద సీసీ ఫోర్ స్ట్రోక్ బండి వచ్చినప్పటి నుంచి ఆ అవసరం పోతూ వచ్చింది. ఇప్పటి బండిలో కలిపితే ప్లగ్గుకు మసి పట్టి, సైలెన్సర్ లోపల పొగను శుభ్రం చేసే భాగం పాడవుతుంది.

బరువు లెక్క

చిన్న బండ్లు మోసే బరువు, నడిపే మనిషితో కలిపి, 130 నుంచి 150 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. లెక్క చూడండి. మీరు 60 కిలోలు. ఇంటామె 50 కిలోలు. మధ్యలో ఒక యూరియా బస్తా 45 కిలోలు. మొత్తం 155. అంటే దంపతులిద్దరు కూర్చుని ఒక్క బస్తా పెట్టినా హద్దు దాటినట్టే. రెండు క్యాన్లలో కలిపి 40 లీటర్ల పాలు పోస్తే క్యాన్లతో సహా 50 కిలోల దగ్గర పడుతుంది. ఒక్కరే నడిపితే పరవాలేదు, వెనుక మరొకరు ఎక్కకూడదు.

తొలి వెయ్యి కిలోమీటర్లలో ఈ లెక్క కూడా తగ్గించుకోవాలి. వీలైనంతవరకు ఒక్కరు, తప్పనిసరి అయితే ఇద్దరు. బస్తాలు, పాల క్యాన్లు తొలి సర్వీసు అయినాకే ఎక్కించాలి. అంతదాకా ఎరువులు ఆటోలోనో, పక్కవారి ట్రాక్టరులోనో తెచ్చుకుంటే అయ్యే ఖర్చు, ఇంజిన్ విప్పడానికి అయ్యే ఖర్చులో పదో వంతు కూడా ఉండదు.

పాల క్యాన్ల కోసం పక్కన ఇనుప చట్రం పెట్టించేవారు చీర గార్డు తీసేయవద్దు. ఆడవాళ్ళ కొంగు, చున్నీ చక్రంలో చిక్కి ప్రాణాలు పోతాయి. చట్రం రెండువైపులా సమంగా ఉండాలి. ఒకే పక్కన క్యాను వేలాడదీస్తే బండి గుంజుతుంది, చక్రం ఒకవైపే అరుగుతుంది.

గాలి కూడా బరువును బట్టి ఉండాలి. చాలా వంద సీసీ బండ్లకు ముందు చక్రంలో 25, వెనుక ఒక్కరే అయితే 28 దగ్గర పెట్టాలి. ఇద్దరు అయితే వెనుక ఇంకా ఎక్కువ కావాలి. ఆ అంకె పుస్తకంలో ఉంటుంది. గాలి తక్కువ ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, టైరు త్వరగా అరుగుతుంది.

బండల దుమ్ము, రేగడి మట్టి

మన ప్రాంతంలో బండికి రెండు శత్రువులు ఉన్నారు. తాండూరు దిక్కు నాపబండల గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీల లారీల వల్ల లేచే తెల్లటి దుమ్ము ఒకటి. వానాకాలంలో చేన్ల దారుల్లో అంటుకునే నల్లరేగడి రెండోది.

దుమ్ము లోపలికి పోకుండా ఆపేది ఎయిర్ ఫిల్టర్. మనిషికి ముక్కు ఎట్లనో ఇంజిన్‌కు అది అట్ల. అది నిండిపోతే ఇంజిన్ ఊపిరాడక బలం తగ్గుతుంది. చిరిగితే దుమ్ము నేరుగా బోరులోకి పోయి గోడను అరగదీస్తుంది. పుస్తకంలో రాసిన మార్పు గడువు మామూలు రోడ్లకు. దుమ్ములో నడిచే బండికి ఆ గడువుకన్నా ముందే చూపించాలి. స్పంజి రకమైతే శుభ్రం చేసి మళ్ళీ వేస్తారు. నూనె తడి ఉన్న కాగితం రకమైతే కడగకూడదు, గాలి కొట్టకూడదు, కొత్తది వేయాలి. మీ బండిలో ఉన్నది ఏ రకమో తొలి సర్వీసులోనే అడిగి తెలుసుకోండి. లారీ వెనుక దుమ్ములో అంటిపెట్టుకుని పోవడం కన్నా రెండు నిమిషాలు ఆగి పోవడం మీ ఊపిరితిత్తులకూ, బండి ఊపిరికీ మేలు.

రేగడి సంగతి కంది రైతులకు చెప్పనవసరం లేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు రావడంలో ఈ నేలకూ వాటా ఉంది. కాని అదే నేల తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ముద్దలా ఇరుక్కుంటుంది. చక్రం తిరగదు. అప్పుడు మొదటి గేరు వేసి ఎక్స్‌లేటర్ తిప్పి గుంజితే క్లచ్చి పలకలు మాడతాయి. కొత్త బండి క్లచ్చి ఒక్క సాయంత్రంలోనే పోవచ్చు. దిగి, పుల్లతో మట్టి గీకేసి, చక్రం చేత్తో తిరుగుతున్నదో లేదో చూసి అప్పుడు కదిలించాలి. వాన పడ్డ రోజు బండిని తారు రోడ్డు మీద, తెలిసినవారి ఇంటి ముందు పెట్టి చేనుకు నడిచిపోవడం అన్నిటికన్నా మేలు.

కడిగేటప్పుడు మోటారు పైపు పెట్టి నీళ్ళు నేరుగా ప్లగ్గు మీద, చక్రాల ఇరుసుల దగ్గర, సీటు కింద, పెట్రోలు ట్యాంకు మూత మీద కొట్టవద్దు. వేడి ఇంజిన్ మీద చల్లనీళ్ళు పోయవద్దు. మట్టి నానబెట్టి, గుడ్డతో తుడిస్తే చాలు.

గొలుసు, బ్రేకులు

కొత్త గొలుసు మొదటి నెలలో కొంత సాగుతుంది. కింది భాగాన్ని మధ్యలో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే రెండు మూడు సెంటీమీటర్లు కదలాలి. ఎక్కువ వదులైతే పళ్ళ మీద నుంచి జారుతుంది. మరీ బిగిస్తే గతుకుల్లో తెగవచ్చు. ప్రతి 500 కిలోమీటర్లకు, వానలో తడిసిన ప్రతిసారీ తుడిచి నూనె వేయాలి. ఇంజిన్ నుంచి దింపిన నల్లటి ఆయిల్ పూయడం మన దగ్గర మామూలు. అందులో ఇనుప రజను, మసి ఉంటాయి. అది గొలుసును కాపాడదు, అరగదీస్తుంది.

బ్రేకులు కూడా కొత్తలో పూర్తిగా పట్టవు. లైనర్ డ్రమ్ముకు కుదురుకునే దాకా, అంటే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, ముందు బండికి దూరంగా నడపాలి. ఇప్పటి చిన్న బండ్లలో కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు ఉంది. దాని తీగలను ఇష్టం వచ్చినట్టు బిగించకుండా తెలిసినవారితోనే సరిచేయించాలి.

వికారాబాద్ నుంచి తాండూరు పోయే దారిలో అనంతగిరి గుట్టలు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని కొందరు ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో జారుతూ పోతారు. ఇంజిన్ పట్టు లేని బండిని బ్రేకులే ఆపాలి. మలుపు మలుపుకు తొక్కితే లైనర్లు వేడెక్కి పట్టు తప్పుతుంది. కొత్త లైనర్లయితే మరీ ప్రమాదం. దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో వేసి, ఇంజిన్ పట్టుతోనే నిదానంగా దిగాలి.

పెట్రోలు, బ్యాటరీ

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న కొత్త బండ్లన్నీ బీఎస్-6 రకం. దాదాపు అన్నిటిలో కార్బొరేటర్ లేదు. పెట్రోలును చిన్న మోటారు ఒత్తిడితో పంపుతుంది. ఆ మోటారు చాలా బండ్లలో ట్యాంకులోనే, పెట్రోలులో మునిగి ఉంటుంది. పెట్రోలే దానికి చల్లదనం. ట్యాంకు ఎప్పుడూ అడుగంటేదాకా నడిపితే మోటారు వేడెక్కి త్వరగా పోతుంది. ఎప్పుడూ ఒకటి రెండు లీటర్లు మిగిలేలా చూసుకోవాలి. పాత బండిలాగ రిజర్వు తిప్పుకునే వీలు వీటిలో లేదు.

కిరాణా కొట్టు సీసా పెట్రోలు కొత్త బండికి పోయవద్దు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సీసాలో, డబ్బాలో నిలవ ఉన్న పెట్రోలులో నీరు చేరితే అది అడుగుకు దిగి బండి మధ్యదారిలో ఆగుతుంది. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు సరిగా ఉందో లేదో చూసుకోండి.

ఈ బండ్లకు బ్యాటరీ ముఖ్యం. అది పూర్తిగా దిగిపోతే చాలావాటికి కిక్కు కొట్టినా స్టార్టు కాదు. మీటరు దగ్గర ఇంజిన్ బొమ్మ లైటు స్టార్టు చేశాక కూడా ఆరకపోతే రోడ్డు పక్క మెకానిక్‌తో తీగలు విప్పించవద్దు. నేరుగా సర్వీసుకు తీసుకుపోవాలి.

ఇంటి దగ్గర పెట్టే చోటు

పశువుల కొట్టంలో బండి పెట్టవద్దు. మూత్రం, పేడ నుంచి వచ్చే ఘాటు వాయువు రాగి తీగల కొసలకు చిలుము పట్టిస్తుంది. ధాన్యం బస్తాల పక్కన పెడితే ఎలుకలు తీగలు కొరుకుతాయి. ఎరువు బస్తా తెచ్చిన రోజు రాలిన గింజలు దులిపి, తడిగుడ్డతో తుడవండి. యూరియా, పొటాష్ తేమకు కరిగి తుప్పు పట్టిస్తాయి. చేను దగ్గర ఎండు కంది కట్టె, వరిగడ్డి మీద వేడి సైలెన్సర్ తగిలేలా నిలపవద్దు. బండీ పంటా రెండూ కాలతాయి.

కాగితాలకూ సర్వీసు కావాలి

కొత్త బండితో ఐదేళ్ళ బీమా వస్తుంది. చాలామంది ఐదేళ్ళు నిశ్చింత అనుకుంటున్నారు. 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి చేసిన ఆ ఐదేళ్ళ బీమా ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే. మీ బండి దొంగతనం, విరిగిపోవడం వంటివాటి బీమా సాధారణంగా ఏడాదికే ఉంటుంది. తేదీ చూసుకుని మళ్ళీ కట్టాలి. యజమానికి 15 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా ఉంటుంది. అది ఎన్నేళ్ళకు కట్టారో కాగితంలో చూడండి. బండి ఎవరి పేరు మీద ఉన్నదో వారికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే ఆ సొమ్ము ఇంటివారికి దక్కుతుంది. బండి కొన్నవారు ముందు లైసెన్సు తీసుకోవాలని చెప్పేది పోలీసుల భయంతో కాదు, ఇంటివారి కోసం. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ కూడా అంతే. ఏడాది నిండాక కాలుష్య తనిఖీ పత్రం తీసుకోవాలి. కిస్తీలు తీరిన వెంటనే అప్పు లేదనే పత్రం అడిగి తీసుకుని, ఆర్సీలో అప్పిచ్చినవారి పేరు తీయించుకోవాలి.

గోడకు అంటించుకోండి

• 500 కిలోమీటర్ల దాకా 40, 45 వేగం. వెయ్యి దాకా 50, 55.
• తొలి సర్వీసు వరకు బస్తాలు, పాల క్యాన్లు వద్దు.
• సర్వీసుకు కిలోమీటర్లు, రోజులు — ఏది ముందైతే అది.
• వారానికోసారి: ఆయిల్ మట్టం, చక్రాల గాలి, గొలుసు, నట్లు.
• ట్రాక్టర్ ఆయిల్, నల్ల ఆయిల్, సీసా పెట్రోలు — మూడూ వద్దు.
• రేగడి ఇరుక్కుంటే దిగి గీకాలి, గుంజించవద్దు.
• ట్యాంకు అడుగంటనీయవద్దు.
• ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపవద్దు.

వాన ఎప్పుడు పడుతుందో, కందికి ధర ఎంత పలుకుతుందో రైతు చేతిలో లేదు. కొత్త బండి ఎన్నేళ్ళు నడుస్తుందన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. వెయ్యి కిలోమీటర్లు అంటే ఊరి నుంచి యార్డుకు పోను రాను ఓ ఇరవై ముప్పై తడవలు. ఆ కొన్నాళ్ళు ఓపిక పడితే, ఇవాళ ముందు ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాడు రేపు అదే బండి మీద కాలేజీకి పోతాడు.